ఐదో రౌండులో వినబడిన పేరు

మునికృష్ణ ఇడ్లీ తుంచలేదు. సాంబారు మీద తెట్టె కట్టింది.

భార్య రాజలక్ష్మి రెండుసార్లు వంటింట్లోంచి తొంగిచూసి వెళ్ళింది. కొడుకు విఘ్నేష్ తినడం అయిపోయి కూడా, లేవాలో వద్దో తేల్చుకోలేక ఎంగిలి చెయ్యి ఆరబెట్టుకుంటూ కూర్చున్నాడు. కోడలు భావన గిన్నె పట్టుకుని మామగారి పక్కన నిలబడింది.

"సాంబారు చల్లారిపోయిందండి మావయ్యగారూ. మార్చమంటారా?"

ఆయన తలెత్తకుండా వంటింటి వైపు జవాబు చెప్పాడు. "నాకు ఆకలి లేదు రాజీ."

మధ్యాహ్నం డ్రాఫ్టు హాలు నుంచి వచ్చినప్పటినుంచీ అదే వరస. అడిగేది భావన. జవాబు వెళ్ళేది ఇంకెవరికో.

ఎగ్మూరులో ఒక హోటల్ హాల్లో ఆ పొద్దున మహిళల ఫుట్‌బాల్ లీగ్ డ్రాఫ్టు మొదలైంది. ఆరు టీములు వంతులవారీగా ఒక్కొక్క అమ్మాయి పేరూ పిలిచి తీసుకుంటాయి. రెండు రోజులు, ఎనిమిది రౌండ్లు. పెరంబూరు టీముకు పిల్లల్ని వెతికిపెట్టేది మునికృష్ణే. వర్క్‌షాపులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ వెనక వరసలో దాడి ఆపే స్టాపర్‌గా ఆడినవాడు, రిటైరయ్యాక ఈ పనిలో పడ్డాడు.

పోయినేడు కప్పు గెలిచిన పాపానికి ఈసారి ప్రతి రౌండులోనూ ఆఖరి వంతు వాళ్ళదే. గోల్స్ కొట్టే పిల్లల్ని మిగతావాళ్ళు ముందే ఎగరేసుకుపోతారు. అందుకు మునికృష్ణ ఎన్నడూ దిగులుపడలేదు. ఆయన వేట అంతా చివరి రౌండ్లలో. ఎవరూ పేరు వినని డిఫెండర్‌ని, హాల్లో సగంమంది లేచి కాఫీలకి పోయిన వేళ చూసి, నెమ్మదిగా పిలిచి తెచ్చుకుంటాడు. డిఫెండరు ఎంత బాగా ఆడినా స్కోరులో కనబడదు. కనబడనిదాన్ని చూడగలగడమే ఆయన విద్య.

అలా దాచుకున్న పిల్ల సెలీనా. వ్యాసర్పాడిలో చర్చి టీముకు ఆడుతుంది. ఆమె ఆటకి ఏ టీము మనిషీ రాలేదు. మునికృష్ణ వెళ్ళాడు, ఫోనుతో వీడియో తీయడానికి భావనను వెంటబెట్టుకుని. అలాంటి పిల్లను మనలి టీము నాలుగో రౌండులోనే పిలిచేసింది.

మనలి టీముకు తీరిక వేళల్లో ఆటల లెక్కలు చూసేది అనిరుధ్. భావన ఆఫీసులో ఆమె పక్క సీటువాడు. నెల్లూరు కుర్రాడు, ఇక్కడ అయినవాళ్ళెవరూ లేరని ఉగాదికి భావనే భోజనానికి పిలిచింది.

ఇంక వేరే సాక్ష్యం ఎందుకు?

ఇడ్లీల ముందు మునికృష్ణ అలా కూర్చునుండగానే ఫోను మోగింది. వర్క్‌షాపు సుత్తుల చప్పుడుకు ఆయన కుడి చెవి ఎన్నడో పోయింది. అందుకని ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే. టీము ఓనరు కామరాజు గొంతు హాలంతా వినబడింది. అంబత్తూరులో స్ప్రింగుల ఫ్యాక్టరీ ఉన్న మనిషి. గొంతు పెంచడు, తగ్గించడు.

"సెలీనా సంగతి నాకు నువ్వే చెప్పావు. నేను ఎవరికీ చెప్పలేదు. మిగిలింది మీ ఇల్లు. రేపు సాయంత్రానికి ఎవరో నాకు చెప్పు మునికృష్ణా."

ఫోను ఆగింది. విఘ్నేష్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. కొళాయి చప్పుడు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎప్పుడూ వినబడలేదు.

కాసేపటికి మునికృష్ణ వరండాలోంచి పిలిచాడు. "భావనా, ఇట్రామ్మా."

ఆ 'అమ్మా' వినగానే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆయన వీధివైపు చూస్తూ, బాగా మెల్లగా మాట్లాడాడు. రేపు ఆరో రౌండులో మైత్రిని పిలుస్తాననీ, అంబత్తూరు మ్యాచిలో చూసిన మైత్రేననీ చెప్పాడు.

"ఇది నీకు మాత్రమే చెప్తా ఉండా. ఎవురితోనూ అనబాక."

"సరేనండి మావయ్యగారూ," అంది భావన.

లోపలికి వచ్చి, మడతపెట్టాల్సిన బట్టల ముందు కూలబడింది. మైత్రి ఆమెకు బాగా గుర్తుంది. మ్యాచి అయ్యాక గ్యాలరీ మెట్లు దిగుతూ కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగింది. అది చూసి మునికృష్ణే నాలుక చప్పరించాడు. ఈ మోకాలు ఒక్క సీజను కూడా నిలవదు, పాపం, అన్నాడు.

ఆ మాట ఆయన మరిచిపోయే రకం కాదు. ఏ పిల్ల ఏ కాలిమీద బరువు వేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

అయితే మైత్రి పేరు తన చెవిన ఎందుకు వేసినట్టు?

చేతిలోని చొక్కా మడత సగంలో ఆగిపోయింది. గాలానికి గుచ్చిన వానపాములా ఆ పేరు తన ముందు వేలాడదీశారని అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. రేపు మనలి టీము మైత్రిని పిలిస్తే దొంగ దొరికినట్టే.

ఆమెకు ఏడుపు రాలేదు. ఇంకోటి గుర్తొచ్చింది. వ్యాసర్పాడి మైదానంలో ఎండలో నిలబడి ఆయన నేర్పిన పాఠం. బంతి మీద పెట్టబాకమ్మా ఫోను, బంతిని అందురూ చూస్తారు, బంతి దూరంగా ఉన్నప్పుడు ఆ పిల్ల ఏం చేస్తాదో అది చూపించు నాకు. రాజమండ్రిలో పుట్టి పెరిగి, ఏనాడూ ఫుట్‌బాల్ చూడని తను ఆ రోజు మొదటిసారి చూసింది. సెలీనా బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసేది. వెనకున్న పిల్లకి చెయ్యి ఊపి జాగా చూపించేది. ఎదుటి టీము చురుకైన పిల్ల వస్తే మీదపడేది కాదు, మెల్లగా గీత వైపు నెట్టుకుపోయి దారి మూసేసేది. అది కనిపెట్టి చెప్పినప్పుడు, నీకు కన్నుండాదమ్మా, అన్నాడాయన. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఆయన తనను మెచ్చుకున్న మొదటి మాట అదే.

ఆ కన్నే ఇవాళ నేరమైపోయింది.

విఘ్నేష్ గదిలోకి రాగానే సంగతి చెప్పింది. అతను తేలిగ్గా కొట్టిపారేశాడు. నాన్న అట్లాంటి ఎత్తులు వేసే మనిషి కాదనీ, నువ్వే అతిగా ఆలోచిస్తున్నావనీ అన్నాడు. చొక్కా తగిలించుకుని, అద్దంలోంచి ఆమెను చూశాడు.

"అనిరుధ్ దగ్గిర నువ్వేం అనలేదు గదా? చుమ్మా అడిగినా."

భావన అతన్ని చూస్తూ ఉండిపోయింది. 'చుమ్మా' అంటే ఊరికే అని ఈ ఊరు వచ్చిన కొత్తలోనే నేర్చుకుంది. ఊరికే అడిగే మాటలు ఎంత బరువుంటాయో ఇప్పుడు తెలిసింది.

"అనలేదు," అంది.

"సరి, విడు," అన్నాడు విఘ్నేష్. ఆ 'సరి'లో నమ్మకం ఉందో లేదో ఆమెకు అంతుపట్టలేదు. ఆ క్షణంనుంచి ఆమెకూ అందరి మీదా అనుమానమే. తను పనిచేసే కోచ్ ఫ్యాక్టరీలో స్నేహితులతో విఘ్నేష్ వాగాడేమో. కామరాజే ఎక్కడో నోరు జారి, తప్పు ఇటు తోసేస్తున్నాడేమో. వంటింట్లో రాత్రికి చారు తాలింపు పెడుతున్న అత్తగారి మీద మాత్రం ఆలోచన పోలేదు. ఆవిడకు ఫుట్‌బాల్ అంటే మునికృష్ణ సాక్సులు ఉతకడం.

మర్నాడు పొద్దున్నే మునికృష్ణ ఎలక్ట్రిక్ రైలుకు వెళ్ళిపోయాడు. విఘ్నేష్ షిఫ్టుకు వెళ్ళాడు. భావన ఇంట్లోంచే ఆఫీసు పని మొదలుపెట్టి, పక్కన ఫోనులో డ్రాఫ్టు లైవ్ పెట్టుకుంది.

రాజలక్ష్మి కూరకి చౌచౌ కాయలు, కత్తి పట్టుకుని వచ్చి పక్కన కూర్చుని తరగసాగింది. "కొంచెం ఇట్ల తిప్పమ్మా, నాకూ కనపడేట్టు."

భావనకు వింతగా తోచింది. ఫోను తిప్పింది.

ఐదో రౌండు. మొదటి వంతు మనలి టీముది. కోటు తొడుక్కున్న అమ్మాయి మైకులో చదివింది. చిన్నపొన్ను, డిఫెండర్, మనలి.

ఆ పేరు భావన ఎప్పుడూ వినలేదు. మామగారు ఆ పిల్లను చూసింది కూడా తనకు తెలియదు. కానీ తెర మీద, వెనక బల్ల దగ్గర కూర్చున్న మునికృష్ణ ముఖం ఒక్కసారి కనబడింది. చేతిలోని నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టబోయి, బల్ల ఎక్కడుందో మరిచిపోయినట్టు గాలిలో పట్టుకుని ఉన్నాడు.

పక్కన కత్తి చప్పుడు ఆగింది.

"ఇది ఐదో రౌండే గదా? ఆరు కాదు గదా?" అంది రాజలక్ష్మి.

"ఐదేనండి అత్తయ్యా."

"అయితే ఆ బిడ్డకి ఇన్సూరెన్సు ఉంటాది," అంది ఆవిడ. గుండెల నిండా గాలి పీల్చి వదిలి, మళ్ళీ చౌచౌ అందుకుంది.

భావన లాప్‌టాప్ మూసేసింది. ఆ నియమం ఆమెకు తెలుసు. మొదటి ఐదు రౌండ్లలో పిలిచిన పిల్లలకు ఏడాది ఒప్పందం, హాస్టలు, దెబ్బ తగిలితే వైద్యానికి ఇన్సూరెన్సు. ఆరో రౌండు నుంచి వచ్చినవాళ్ళకు ఆడిన రోజు భత్యం తప్ప ఇంకేమీ లేదు. ఫుట్‌బాల్ అంటే సాక్సులే అనుకునే ఆవిడకి ఇది ఎలా తెలుసు?

"అత్తయ్యా, ఆ అమ్మాయి మీకెలా తెలుసు?"

రాజలక్ష్మి తరగడం ఆపలేదు. ముక్కలన్నీ గిన్నెలో వేసి, చేతులు కొంగుకు తుడుచుకున్నాక చెప్పింది. నిన్న సాయంత్రం మోకాళ్ళకు నూనె రాయించుకుంటూ ఆయనే చెప్పాడట. చిన్నపొన్నును ఏడో రౌండు దాకా దాచిపెడతానని, ఆట అంతసేపూ వెనకనుంచి అందర్నీ పిలిచి పిలిచి దాని గొంతు బొంగురుపోయిందని, అట్లాంటి పిల్ల పదేళ్ళకొకటి దొరుకుతుందని మురిసిపోయాడట. పొద్దున పాలకని వెళ్ళి, ఆవిడ అనిరుధ్‌కు ఫోను చేసింది. సెలీనా పేరు అంతకుముందు వారమే చెప్పింది, గోంగూర పచ్చడి సీసా కోసం అతను గేటు దగ్గరికి వచ్చినప్పుడు.

భావన లైవు సౌండు తగ్గించింది. రాజలక్ష్మే మళ్ళీ అందుకుంది.

"సరణ్యను చూసినావు గదా? మన వెనక వీధిలో బట్టలు కుడతాది."

చూసింది. ఒక కాలు చాపుకుని, ఎలక్ట్రిక్ మిషను మీద జాకెట్లు కుట్టే అమ్మాయి. పోయినేడు ఎనిమిదో రౌండులో మునికృష్ణ పట్టుకొచ్చిన స్టాపర్ ఆమేనని, కప్పు గెలిపించింది సగం ఆమేనని రాజలక్ష్మి చెప్పింది. ఫైనల్లో మోకాలు తిరగబడింది. ఎనిమిదో రౌండు పిల్ల కాబట్టి ఎవరూ పూచీ పడలేదు. ఆపరేషను ఆలస్యమైంది, కాలు వంగడం మానేసింది. మునికృష్ణ ఆసుపత్రికి ఆపిల్ పళ్ళు పట్టుకుపోయాడు. చివరి రౌండులో రత్నాన్ని ఏరాడని ఆయన్ను సభలో శాలువా కప్పి కూర్చోబెట్టింది ఆ వారమే.

"ఆ పిల్ల నన్ను చూస్తే నవ్వుతాదమ్మా. తిట్టినా బాగుండు. ఆ నవ్వు చూళ్ళేక నేను చుట్టు తిరిగి పోతా ఉండా, మార్కెట్టుకి."

భావనకు ఆవిడ చేతులు పట్టుకోవాలనిపించింది. వెంటనే ఇంకో సంగతి గుచ్చుకుంది.

"ఇదంతా నా మీదికి వస్తుందని మీకు తెలుసు కదండీ?"

రాజలక్ష్మి కింద పడ్డ తొక్కలు ఏరి ఒక పక్కకు చేర్చింది. లైవులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు.

"సెలీనా అప్పుడు తెల్దు," అంది చివరికి. "నిన్న సాయంత్రం తెలిసింది. తెలిసే పొద్దున ఫోను చేసినాను. ఆగితే ఆ బిడ్డ ఏడో రౌండుకి పోతాది." కాస్త ఆగి, "ఆయన రాగానే నేనే చెప్తాను. నువ్వు చెప్పబాక," అంది.

భావన తల ఊపింది. చెబుతుందా? ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ అత్తగారు మొగుడికి ఎదురుగా ఒక్క మాట అనగా తను చూడలేదు. సాయంత్రానికి ధైర్యం చాలకపోతే? పాలకని చెప్పి వెళ్ళి ఫోను చేసిన మనిషి, రేపు ఇంకోటి చెప్పదని ఏముంది? నిజం తెలిశాక అనుమానం పోతుందనుకుంది భావన. పోలేదు, జాగా మార్చింది.

ఎనిమిదో రౌండు అయ్యేదాకా ఆమె ఫోను ఆపలేదు. మైత్రిని మనలి టీము పిలవలేదు. ఎవరూ పిలవలేదు.

మునికృష్ణ ఎండ పల్చబడే వేళకి వచ్చాడు. చెప్పులు విడిచి, ఎప్పటిలా కాళ్ళు కడుక్కోకుండానే హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. రాజలక్ష్మి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూడలేదు. నిన్న మధ్యాహ్నం తరవాత మొదటిసారి కోడలి ముఖంలోకి సూటిగా చూశాడు.

"నిన్న నేను మీ అత్తతో మాట్లాడతా ఉంటే నువ్వు యాడుండావు?"

"గదిలో బట్టలు మడతపెడుతున్నానండి."

"తలుపు తెరిచుండాదా?"

ఏమి అడుగుతున్నాడో భావనకు అర్థమైంది. చిన్నపొన్ను పేరు ఆయన చెప్పింది ఒక్క భార్యకే. ఆ పేరు బయటికి పోయింది. అయినా ఆయన ఆలోచన భార్య దాకా వెళ్ళలేదు, తలుపు దగ్గరే ఆగింది.

"మైత్రిని మనలివాళ్ళు పిలవలేదండి మావయ్యగారూ," అంది భావన.

మునికృష్ణ కళ్ళు ఒక్క క్షణం వాలాయి. ఆమెకు ఎర సంగతి తెలుసని ఆయనకు తెలిసిపోయింది. అయినా గొంతు సర్దుకున్నాడు. అది తెలివైనవాళ్ళు చేసే పనేననీ, ఎర అని కనిపెట్టి ఆ పేరు వదిలేసి, అసలు పేరు అందించి ఉండవచ్చనీ అన్నాడు.

భావన అత్తగారి వైపు చూసింది. రాజలక్ష్మి వంటింటి గడప మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఆ చెయ్యి తీసుకుని లోపలికి వెళ్ళిపోతుందేమో అనిపించింది.

వెళ్ళలేదు. వచ్చి మొగుడికి ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఆయన ఎదుట అలా కూర్చోవడం కూడా భావన ఎన్నడూ చూడలేదు.

"నేను చెప్పినాను. సెలీనాను నేనే, చిన్నపొన్నును నేనే. ఆయమ్మికి ఏం తెల్దు."

మునికృష్ణ నవ్వబోయాడు. భార్య ముఖం చూసి ఆ నవ్వు మధ్యలో ఆగింది. కాఫీ గ్లాసు పక్కకు జరిపాడు. గొంతులో కోపం కంటే దిగ్భ్రమే ఎక్కువ ఉంది.

"ఎందుకు రాజీ? నన్నొక మాట అడిగుంటే..."

"అడిగినాను. సరణ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడిగినాను. ఈ పిల్లోళ్ళను ముందే పిలవకూడదా అని ఈ ఏడూ అడిగినాను. మీరు మ్యాచి వీడియో చూస్తా ఉండారు."

"ముందే పిలిస్తే ఇంక నేనెందుకు?" అన్నాడు మునికృష్ణ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆలస్యంగా తెలిసినట్టు, చటుక్కున ఆగిపోయాడు.

అప్పుడే ఫోను మోగింది. అలవాటు కొద్దీ ఆయన వేలు స్పీకరు మీద పడింది. కామరాజు గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది.

"మునికృష్ణా, పొద్దున ఐదో రౌండు అవగానే నువ్వు చెప్పావు కదా, మీ కోడలే అని. ఆమె ఆఫీసు పెద్ద నాకు తెలిసినవాడే. ఫిర్యాదు పంపించేశాను, ఆమె మీదా ఆ అనిరుధ్ మీదా. రేపు పిలిచి అడుగుతారు. ఉద్యోగం సంగతి వాళ్ళిష్టం."

మునికృష్ణ ముఖం ఎత్తలేదు.

భావన గోడకు ఆనుకుంది. పొద్దుననే. ఆరో రౌండు ఇంకా మొదలుకూడా కాకముందే, మైత్రి పేరు ఎటు తేలుతుందో చూడకముందే, ఈయన తీర్పు చెప్పేశాడు. ఎర వేసింది చేప కోసం కూడా కాదు.

రాజలక్ష్మి వంగి ఫోను చేతిలోకి తీసుకుంది.

"అయ్యా, నేను మునికృష్ణ భార్యని. ఆ పేరు తప్పు. చెప్పింది నేను."

అవతలనుంచి కామరాజు ఎంతో మర్యాదగా అన్నాడు.

"అమ్మా, కోడలిని కాపాడుకోవాలని మీకుంటుంది. పెద్ద మనసు. కానీ ఈ ఆట సంగతులు మీకేం తెలుస్తాయి చెప్పండి?"

ఫోను ఆగిపోయింది. రాజలక్ష్మి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి "అయ్యా" అంది. ఎవరూ లేరు. ఫోను తెచ్చి భర్త ముందు, చల్లారిన కాఫీ పక్కన పెట్టింది.

"నేను చెప్తే నమ్మలేదు," అంది.

భావన గోడ దగ్గరనుంచి కదిలి వచ్చి ఆయన ఎదుట నిలబడింది. 'గారు' తనంతట అదే జారిపోయింది.

"మీరు చెప్తే నమ్ముతారు మావయ్యా."

భార్య పేరు చెబితే ఈ ఇంటి పరువుతో పాటు ఆయన పని పోతుంది. చెప్పకపోతే కోడలి ఉద్యోగం పోతుంది. మునికృష్ణ ఫోను అందుకున్నాడు. కామరాజు పేరు తెరమీద పైనే ఉంది, ఒక్కసారి నొక్కితే చాలు.

గేటు చప్పుడైంది. షిఫ్టు నుంచి విఘ్నేష్ వచ్చాడు. లోపలికి అడుగుపెట్టి, ముగ్గురి ముఖాలూ చూసి, భావన దగ్గర చూపు ఆపి, "ఏమైంది అప్పా? ఎవరో తెలిసిందా?" అన్నాడు.

మునికృష్ణ నొక్కకుండానే ఫోనును బోర్లించి బల్ల మీద పెట్టేశాడు.